సర్వే ఫారం పట్టుకుని ఊళ్లోకి దిగేముందు

చి. సూరిబాబుకి, మావయ్య ఆశీస్సులు.

మీ కంపెనీ తయారుచేసిందని నువ్వు పంపిన ఎన్నికల సర్వే ప్రశ్నల ఫారం చూశాను. ముందు మూడో ప్రశ్న కొట్టెయ్యి. "కాలువల్లో పూడిక తీయక రెండో పంట దాళ్వాలో శివారు చేలకు నీళ్లు అందడం లేదు కదా, ఈ ప్రభుత్వ పనితీరు ఎలా ఉందంటారు?" అని ఉంది. జవాబు మీరే చెప్పేసి సంతకం పెట్టమన్నట్టుంది. మన వైపు గుమ్మంలోకొచ్చిన మనిషి "కదండీ" అంటే "ఆయ్, అవునండి" అనడం మర్యాద. "ఈసారి నీళ్లు బాగానే వదిలారు కదండీ" అన్నా అదే మనిషి అవునండి అంటాడు. ఆ మర్యాదనే నువ్వు అభిప్రాయం కింద లెక్క రాస్తావు.

"పోయిన దాళ్వాలో మీ చేనుకి నీళ్లు సరిపోయాయా, సరిపోలేదా?" అని అడుగు. రెండు వైపుల మాటా ప్రశ్నలోనే ఉండాలి. ప్రభుత్వం ఊసు వేరే ప్రశ్నలో పెట్టు. ఏడోదాంట్లో రోడ్లూ తాగునీళ్లూ కలిపేశారు, అదీ విడగొట్టు. రోడ్డు బాగుండి కుళాయి రాని ఇల్లాలు దానికేం చెబుతుంది?

మాట మారిస్తే అంత తేడా వస్తుందా అంటావేమో. 1941లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలన ఉంది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అడిగితే అనుమతించకూడదన్నవాళ్లు 62 శాతం. నిషేధించాలా అని అడిగితే నిషేధించాలన్నవాళ్లు 46 శాతమే. 2003 జనవరిలో ప్యూ అన్న అమెరికా సర్వే సంస్థ అడిగినప్పుడు, సద్దాం పాలన ముగించడానికి ఇరాక్ మీద సైనిక చర్యకు 68 శాతం సరేనన్నారు. వేల మంది అమెరికా సైనికులు చనిపోయే, గాయపడే ప్రమాదం ఉన్నా సరేనా అన్న ముక్క తగిలిస్తే 43కి పడిపోయింది.

అయితే ఇవి రెండూ సమస్యల మీద ప్రశ్నలు. ఓటు ఎవరికన్న ప్రశ్న ఇంత సులువుగా కదలదు. జెండా మోసేవాణ్ణి నువ్వెలా అడిగినా వాడు చెప్పేది ఒకటే. ఊగేది ఇంకా తేల్చుకోని ఓటరు. గట్టి పోటీ ఉన్న సీట్లో లెక్క తప్పేదీ అక్కడే. అందుకే నీ ఫారంలో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది వరస. ధాన్యం డబ్బులు, రొయ్యల రేటు, చెరువుల కరెంటు బిల్లు, గతుకుల రోడ్లు అని పది కష్టాలు గుర్తు చేసి, పదకొండో ప్రశ్నగా ఓటు ఎవరికని అడుగుతున్నారు. ఆ పది ప్రశ్నల బదులు పది పథకాల పేర్లు చదివినా జరిగేది అదే, గాలి మాత్రం ప్రభుత్వం వైపు వీస్తుంది. ఈ బూత్‌లో ఓటు ఉందా అన్నది మొదటి ప్రశ్న, ఓటు ఎవరికన్నది రెండోది. కష్టసుఖాలు తర్వాత. కులం ప్రశ్న చిట్టచివర. అది ముందు అడిగితే మనిషి ఆ తర్వాతవన్నీ ఆ కులంవాడిగానే చెబుతాడు.

ఓటు ప్రశ్న నోటితో అడగొద్దు. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి సంస్థ వాళ్లు చేసినట్టు గుర్తులున్న నమూనా బ్యాలెట్, చిన్న పెట్టె పట్టుకెళ్లు. నువ్వు అటు తిరుగు, వాళ్లు టిక్కు పెట్టి మడిచి వేస్తారు. ఫారం నంబరు మాత్రం బ్యాలెట్ వెనక ముందే వేసుకో, లేకపోతే మిగతా జవాబులతో జతపడదు. నంబరెందుకని అడిగితే పేరు రాయడం లేదని చూపించు. గుర్తుల వరస మార్చి మూడు నాలుగు రకాలు అచ్చు వేయించు, పైనున్న గుర్తుకి ఊరికే నాలుగు టిక్కులు ఎక్కువ పడతాయి.

"చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు" అన్న వరస చూడు, పొగడడానికి రెండు గళ్లు, తిట్టడానికి ఒకటి. "అస్సలు బాగోలేదు" చేర్చు. ఫర్వాలేదు తీసెయ్యి, మన వాళ్లు తృప్తితోనూ అంటారు, విసుగుతోనూ అంటారు. "చెప్పలేను" గడి ఉంచు గానీ పైకి చదవకు. అందులో పడ్డవాళ్లని పార్టీలకు పంచేయొద్దు, ఎంతమందో అంతమందినీ చూపించు.

టీ కొట్టు దగ్గర గుంపులో అడగొద్దు. మొదటివాడు ఏది చెబితే మిగతావాళ్లదీ అదే. ఓటరు జాబితాలో ఇంతమందికి ఒకరన్న లెక్క ప్రకారం తగిలిన పేరు వెతుక్కుని అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కరినే అడుగు. పసుపు, నీలం, ఎరుపు చొక్కాలు వద్దు. ట్యాబ్ చూడగానే ముసలమ్మలకు పింఛను తనిఖీ అనిపిస్తుంది, ఉన్న ప్రభుత్వాన్ని మెచ్చుకుంటారు. ప్రభుత్వం తరఫున రాలేదు, పథకాలకు సంబంధం లేదని ముందే చెప్పు. ఆధార్, ఫోటో జోలికి పోకు.

పన్నెండో ప్రశ్న, "ఫలానా అభ్యర్థి చెరువుల లీజుల్లో డబ్బు తిన్నాడని తెలిస్తే ఓటేస్తారా?" అన్నది, సర్వే ముసుగులో ప్రచారం. తీయించు. వాళ్లు తీయబోమంటే ఆ పని వదులుకో, ఆ డబ్బు మనకొద్దు.

ముందు ఇరవై మంది దగ్గర అడిగి చూసి, ప్రశ్న ఏమని అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకో. ఏ ప్రశ్న మీద మీ కంపెనీ పట్టుబడితే దాన్ని రెండు రకాలుగా అచ్చు వేసి, సరి నంబరు ఫారాల్లో ఒకటి, బేసి వాటిల్లో ఒకటి పెట్టు. చెరో 200 మందినైతే జవాబుల్లో 10 శాతం దాకా తేడా కాకతాళీయంగానే రావచ్చు. అంతకు మించితే మాటే వంచుతోందని వాళ్ల ముందు పెట్టు. 400 మందిని అడిగితే అటూ ఇటూ 5 శాతం, వెయ్యి మందైతే 3 శాతం పొరపాటుంటుందంటారు. అది అందరినీ కాక కొందరినే అడగడం వల్ల వచ్చే శాంపిల్ పొరపాటు మాత్రమే. వంకర ప్రశ్నని లక్షమందిని అడిగినా వంకర పోదు.

ఫలితంతోపాటు ప్రశ్నని ఉన్నదున్నట్టు అచ్చు వేయమని ఒప్పందంలో రాయించుకో. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు ఒపీనియన్ పోల్ ఫలితాలు టీవీల్లో వేయకూడదన్న సంగతి మీ వాళ్లకి తెలిసే ఉంటుంది, అయినా గుర్తు చెయ్యి.

మార్చిన ఫారం ప్రింటుకి ఇవ్వకముందే వాట్సాప్‌లో పెట్టు. రెండు భాషల్లో ఉంటే తెలుగుదే పంపు, జనం వినేది అదే.

మీ మావయ్య