మ్యూనిక్‌నీ కళింగనీ వాడబోయే ముందు

బరంపురం

చిరంజీవి తమ్ముడికి,

యుద్ధం వద్దంటూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. పేచీ పోలికలతోనే. యుద్ధం కావాలనేవాళ్లు ప్రతిదానికీ మ్యూనిక్ (హిట్లర్‌కు లొంగిపోయిన 1938 నాటి ఒప్పందం) అంటారని మొదటి పేజీలో ఎద్దేవా చేశావు. చివరికొచ్చేసరికి "కళింగ తర్వాత అశోకుడు కత్తి వదిలేశాడు" అని నువ్వూ అదే పని చేశావు. శాంతి పక్షాన వాడితే తప్పు పోలిక ఒప్పైపోదు.

కళింగ మన గంజాం గడపలోదే కాబట్టి ముందు అదే చూద్దాం. లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయామనీ అశోకుడు బాధపడింది పదమూడో శిలాశాసనంలో. అది మన జౌగడ రాతి మీద లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. చదవాలంటే కర్నూలు వైపు ఎర్రగుడికి వెళ్లాలి. ఇక్కడ దాని బదులు, ప్రజలంతా నా బిడ్డలని అధికారులకు చెప్పే వేరే శాసనాలున్నాయి. ఎందుకలా చేశాడో శాసనం చెప్పదు, నువ్వూ ఊహించి రాయకు. ఆ పదమూడో శాసనంలోనే అడవి జాతులకు హెచ్చరిక కూడా ఉంది: నేను పశ్చాత్తాపపడ్డా మిమ్మల్ని శిక్షించే శక్తి నాకుంది అని. గెలిచిన కళింగను వదులుకోనూ లేదు. కొడుకులూ మనవలూ కొత్త దండయాత్రల ఆలోచన చేయొద్దన్నాడు, అంతవరకు రాయి. పైగా మన ఊళ్లో ఒడియా పాఠకుడికి కళింగ అంటే ఓడినవాళ్ల కథ, అశోకుడి కథ తర్వాతే.

ఇక మ్యూనిక్. 1938 సెప్టెంబరులో చెకోస్లొవేకియాను గదిలోకి రానివ్వకుండానే బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ నాయకులు దాని సుడెటెన్ ప్రాంతాన్ని హిట్లర్‌కు అప్పగించారు. ఆరు నెలలకే అతను ప్రాగ్‌లో దిగాడు. 1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేయగానే బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కు అతనిలో ఇటలీ నియంత ముస్సోలినీ కనిపించాడు. కాలువ ఈజిప్టు నేల మీదే ఉందనీ, వాటాదారులకు పరిహారం ఇస్తామన్నారనీ ఆ పోలికలో ఇమడలేదు. అమెరికా ఎదురు తిరుగుతుందన్నదీ ఇమడలేదు. పౌండు ఒత్తిడిలో పడింది, సైన్యం వెనక్కి వచ్చింది, ఈడెన్ 1957 జనవరిలో పదవి వదిలాడు. మనిషిని మనిషితో పోల్చితే ఇలాగే అవుతుంది. నిర్ణయాన్ని నిర్ణయంతో పోల్చు.

ఎలాగంటే, ముందు ఒక్క వాక్యంలో రాసుకో: ఎవరు, ఏ రోజున, ఏం తేల్చుకోవాలి? తర్వాత కాగితం నిలువుగా మడిచి ఎడమవైపు పోలికలు, కుడివైపు తేడాలు రాయి. ఎవరికేం కావాలి, బలమెంత, తోడెవరు, అణ్వాయుధాలున్నాయా, ఆనాటికి వాళ్లకు తెలిసిందేమిటి (మనకు ఇప్పుడు తెలిసింది కాదు) అన్నవన్నీ రావాలి. కుడివైపు బోసిగా ఉందంటే నువ్వు వెతకలేదన్నమాట. ఆపైన ఎదురు ఫలితమిచ్చే ఇంకో ఘట్టం తెచ్చి పక్కన పెట్టు. మ్యూనిక్‌కు ఎదురుగా 1914 జులై ఉంది: ఆస్ట్రియా సెర్బియాకు 48 గంటల గడువిచ్చింది, సెర్బియా చాలా షరతులకు ఒప్పుకున్నా ఆస్ట్రియా తగ్గలేదు, ఖండమంతా యుద్ధంలో పడింది. రెండూ నీ విషయానికి సమానంగా అతికితే రెండూ తీసెయ్. ఒకటే అతికితే రెండు వాక్యాల్లో చెప్పి, మూడో వాక్యంలో అతి పెద్ద తేడా నువ్వే ఒప్పుకో. అవతలివాడు ఎత్తిచూపేదాకా ఆగకు.

"ఇంకో వియత్నాం" అన్న ఉపశీర్షిక కొట్టెయ్. ఏ సంవత్సరపు వియత్నామో నువ్వు చెప్పలేదు. 1965 జులైలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ అక్కడి తన సైన్యాన్ని 75,000 నుంచి 1,25,000కు పెంచిన రోజూ అందులోదే, 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిన రోజూ అందులోదే. ఆ పేరా, అశోకుడి పేరా దిద్ది పంపు. మిగతాది అచ్చుకు సరిపోతుంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య