బిడియమా, పిరికితనమా? చిల్లర అడగలేకపోయినవాడి జవాబు

కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు, జవాబు తెలిసినా తరగతిలో చెయ్యెత్తలేను, వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది, ఇంట్లో పిరికివాడంటున్నారు, ఇది మారుతుందా అని అడిగారు. ముందు ఆ పిరికివాడన్న మాటను పక్కన పెట్టండి. పామును చూసి వెనక్కి దూకితే అది భయం. పాము ఏ పొదలో దూరిందో చూసి కూడా, పదిమందిలో ఆ మాట చెప్పడానికి నోరు రాకపోతే అది బిడియం. ఈ రెండోది నాకు బాగా తెలుసు.

డిగ్రీ చదివేటప్పుడు చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో తిరిగేవాడిని. చిల్లర లేకపోతే కండక్టర్ టికెట్టు వెనక బాకీ అంకె రాసి ఇచ్చేవాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. చంద్రగిరి వచ్చేసరికి నాకు లోపల కసరత్తు మొదలయ్యేది. ‘అన్నా’ అనాలా, ‘సార్’ అనాలా? ముందు టికెట్టు చూపాలా, ముందు మాట అనాలా? బస్టాండు చేరేసరికి టికెట్టు అరచేతి చెమటకు మెత్తబడిపోయేది. ఆయన చుట్టూ నలుగురు ఉండేవారు. నేను వెనక తలుపులోంచి దిగిపోయేవాడిని. ఒకసారి చొక్కా ఉతకబోతూ అమ్మ జేబులోంచి అలాంటి టికెట్లు ఏడు తీసింది. అన్నీ కూడి, ‘రెండు కిలోల టమోటాల డబ్బురా ఇది’ అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అదే మనిషి గంగజాతరలో ఎలా ఉన్నాడో చెబితే నమ్మరు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... వేషం కట్టినవాడు ఎవరిని ఎంత మాటన్నా ఆ రోజుకు చెల్లుతుంది. ఇంటర్ చదివేటప్పుడు మా మేనమామ పట్టుబట్టి నాకు బండవేషం కట్టించాడు. ఒళ్లంతా కుంకుమ, చేతిలో వేపమండ. మా లెక్కల మాస్టారు ఎదురొస్తే నడివీధిలో నిలబెట్టి తిట్టాను. గొంతు వణకలేదు. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయారు. రెండు రోజుల తరవాత, కుంకుమంతా కడుక్కున్నాక, అదే మాస్టారు వస్తుంటే నమస్కారం పెట్టాల్సి వస్తుందని పక్క సందులోకి తప్పుకున్నాను.

చాలా ఏళ్లు దీన్ని తమాషాగానే చెప్పుకున్నాను. అందులో అసలు సంగతి ఉందని ఆలస్యంగా తెలిసింది. గొంతు నాకు ముందు నుంచీ ఉంది. కుంకుమ కింద నా ముఖం ఎవరికీ కనబడదు కనుక ఆ రోజు దానికి కాపలా కాయాల్సిన పని లేకపోయింది, అంతే. మిగతా రోజుల్లో నా బుద్ధిలో సగం ఆ కాపలాకే ఖర్చయ్యేది. చెయ్యి ఎక్కడ పెట్టాను, గొంతు ఎలా ఉంది, వాళ్లేమనుకుంటున్నారు అని. మిగిలిన సగంతో ఎవరు మాత్రం సరిగ్గా మాట్లాడతారు? అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి 2000లో ప్రచురించారు. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి విద్యార్థులను ఒక్కొక్కరిగా జనం ఉన్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు. ఇది చదివినప్పుడు నా ఏడు టికెట్లే గుర్తొచ్చాయి.

నాకు దారి దొరికింది గోవిందరాజస్వామి గుడి దగ్గర మామ నడిపే పూజాసామగ్రి దుకాణంలో. సెలవుల్లో కూర్చోబెట్టాడు. వచ్చేవాళ్లలో సగం మంది తమిళులు, కన్నడిగులు. కుంకుమ ధర, అలిపిరి బస్సు ఎక్కడ ఆగుతుంది, మంచి హోటల్ ఏది... ఇవే ప్రశ్నలు. నా తమిళం ఘోరం. అయినా ఎవరూ నవ్వలేదు, వాళ్లకు కావాల్సింది బస్సు. విచిత్రం ఏమిటంటే తెలుగులో కన్నా ఆ వచ్చీరాని తమిళంలోనే ధారాళంగా మాట్లాడేవాడిని. తప్పులు వస్తాయని ముందే ఒప్పుకున్న భాష కదా! అందుకే మీకు చెబుతున్నాను, అడగడంతో మొదలుపెట్టకండి. అడిగినవాళ్లకు చెప్పడంతో మొదలుపెట్టండి. తిరుపతి రైల్వేస్టేషన్ ముందు ఒక గంట నిలబడితే చాలు, దారి అడిగేవాళ్లు వాళ్లే వస్తారు.

గుండె దడ గురించి. అది రాకుండా చేయలేరు, నాకూ కుదరలేదు. కానీ అక్కడే నిలబడితే కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. మధ్యలో పారిపోతే దడ కూడా వెంటనే ఆగుతుంది, చిక్కంతా అక్కడే. తప్పించుకున్నందుకే బతికానని ఒంటికి అలవాటవుతుంది, మరుసటిసారి దడ ఇంకాస్త ముందే మొదలవుతుంది. నాకు చంద్రగిరిలో మొదలైనట్టు. వాక్యాలు ముందే కంఠస్థం చేయడం, మాటిమాటికి ఫోను చూసుకోవడం కూడా పారిపోవడంలో రకాలే. ఇంటర్వ్యూకు విషయం చదువుకోండి, మీ వాక్యాలు మాత్రం బట్టీ పట్టకండి. ఒక్క పదం జారితే మొత్తం జారిపోతుంది. నాకలాగే జారింది, పోయిన ఉద్యోగం సంగతి ఇప్పుడెందుకు.

ఇంకొకటి. జనాన్ని తప్పించుకోవడానికి పరీక్షలు మానేయడం, తిండి మానేయడం దాకా వచ్చి, నెలల తరబడి అలాగే ఉంటే ఈ చిట్కాలతో కాలయాపన చేయకండి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎదురుగా మాట్లాడలేమనుకుంటే 14416కు ఫోను చేయవచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

బిడియం నాకు పూర్తిగా పోలేదు. పెళ్లి భోజనాల్లో ఇప్పటికీ రెండోసారి పప్పు అడగను, మా ఆవిడ అడుగుతుంది. చిల్లర మాత్రం అడుగుతున్నాను. మొదటిసారి అడిగినప్పుడు గొంతు కీచుమంది. కండక్టర్ నా ముఖం కూడా చూడలేదు, సంచిలో చెయ్యి పెట్టి వెతుక్కుంటూ, ‘నీ దగ్గర రూపాయి ఉందా?’ అన్నాడు.