వెనక మూత తీసి చూపించమనండి

వాచీ ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు పర్లాకిమిడి వాచీ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నగారూ, నాకు ఇరవై ఏడేళ్లు. రాయగడలో ఉద్యోగం. ఇన్నాళ్లూ టైము ఫోన్లోనే చూసుకున్నాను. ఈమధ్య పాత వాచీల పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో హెచ్ఎంటీ పైలట్ ఒకటి కనిపించింది. నారింజరంగు డయలు, కొత్తదానిలా తళతళలాడుతోంది. పదిహేను వందలేనట. కొనెయ్యమంటారా? నా దగ్గర మొత్తం ఏడువేలు ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: దాన్ని వదిలెయ్ తమ్ముడూ. పైలట్ అంటే నల్ల డయలు, తెల్ల అంకెలు. ఊళ్లో పైలట్ కట్టుకు తిరిగినవాళ్లందరి చేతికీ అదే ఉండేది. నువ్వు చూసిన నారింజతో పాటు చిలకాకుపచ్చవీ, గులాబీవీ కూడా అమ్ముతున్నారు. పాడైపోయిన డయలుకి రంగు పూసి, మీద పేరు మళ్లీ అచ్చుకొట్టి, నాలుగు వాచీల ముక్కలు ఒక కేసులో బిగిస్తారు. వాచీలు సేకరించేవాళ్లు వీటిని ‘ముంబయి స్పెషల్’ అంటారు. ముంబయిలో ప్రాణం పెట్టి పనిచేసే మెకానిక్కులు ఎంతోమంది ఉన్నారు, పాపం పేరు మాత్రం ఊరి మీద పడింది.

ఏ పాత వాచీ కొన్నా ముందు రెండు ఫొటోలు అడుగు. ఒకటి డయలుని బాగా దగ్గరగా తీసింది. ఫ్యాక్టరీ అచ్చయితే అక్షరాల అంచులు కోసినట్టు ఉంటాయి. రంగు వేసిన డయలులో సిరా పాకి ఉంటుంది, ‘పారాషాక్’ (దెబ్బకి తట్టుకుంటుందని అర్థం) అన్న మాట ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా రావు. రెండోది, వెనక మూత తీసి మిషను కనిపించేలా తీసింది. పైన తళతళలాడుతూ లోపల తుప్పు ఉంటే సంగతి అర్థమైపోతుంది. స్క్రూల తలలు చెదిరిపోయి ఉంటే పని రానివాళ్ల చేతుల్లో పడిందని లెక్క. మూత తీసి చూపించనన్నవాడితో బేరం అక్కడే ఆపెయ్. ఎంత చవకైనా సరే.

మొదటి వాచీగా నేను హెచ్ఎంటీ జనతా చెబుతాను. బెంగళూరులో హెచ్ఎంటీ వాచీ ఫ్యాక్టరీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వచ్చింది. జనతా మిషను కూడా ఆ సిటిజన్ వంశమే. కీ ఇచ్చే వాచీ. 17 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు), గంటకి 18,000 బీట్లు (టిక్కులు), అంటే సెకనుకి ఐదు. చెవి దగ్గర పెట్టుకుని వింటే తెలుస్తుంది, బాగున్న మిషను చప్పుడు సమంగా ఉంటుంది. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి 2016లో కేంద్రం ఒప్పేసుకుంది. అయినా ఏళ్ల తరబడి ఇంటింటికీ చేరిన వాచీ కాబట్టి స్పేరు కావాలంటే ఇంకో పాత జనతా నుంచి తీసుకోవచ్చు. వెస్టెండ్, ఫావ్రే లూబా లాంటి స్విస్ పేర్లు చూసి ఇప్పుడే తొందరపడకు. అవి మంచి వాచీలే. కానీ బ్యాలెన్స్ స్టాఫ్ (లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఇరుసు) విరిగితే సరైనది దొరికేసరికి నెలలు గడుస్తాయి. అసలు ముందు రాయగడలోనో బరంపురంలోనో కీ వాచీ విప్పగలిగే మనిషిని వెతుక్కో. వాచీ తర్వాత. సెల్లులు మార్చేవాళ్లు వీధికొకరు ఉన్నారు, ఆ ఊగే చక్రానికి ఉండే సన్నటి హెయిర్ స్ప్రింగు సరిచేసేవాళ్లు తగ్గిపోయారు.

ఇంకో మాట. ఆన్‌లైన్ కంటే ముందు మీ చుట్టాల బీరువాలు వెతుకు. ఆ రోజుల్లో పెళ్లికొడుక్కి వాచీ పెట్టని ఇల్లు తక్కువ. మా నౌపడా–గుణుపురం రైలు లైనులో పనిచేసి రిటైరైనవాళ్లు తెచ్చే హెచ్ఎంటీలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అద్దం నిండా గీతలు, డయలు పసుపుబారి ఉంటుంది, లోపల మాత్రం ఒక్క పరాయి ముక్క ఉండదు. అలాంటిది దొరికితే నారింజ పైలట్లు పది ఇచ్చినా మార్చుకోకు.

ఏడువేలలో సగానికి మించి వాచీ మీద పెట్టకు. ఇంట్లోకి రాగానే సర్వీసింగు చేయించు. నడుస్తోంది కదా అని ఎండిపోయిన ఆయిలుతో తిప్పితే పివట్లు (చక్రాల ఇరుసుల కొనలు) అరిగిపోతాయి. మిగిలిన డబ్బుతో సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీ ఒకటి కొనుక్కో. 1989 నుంచి వస్తున్న క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ చాలు. దానిలో క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, పాత వాచీ నడకని దానితో పోల్చి చూసుకోవచ్చు. రోజూ ఒకే వేళకి జనతాకి కీ ఇవ్వు, బిగువు తగలగానే ఆపు, తేడా ఎంతో కాగితం మీద రాయి. రోజుకి అర నిమిషం అటూ ఇటూ అయితే ఆ వయసుకి మంచి నడకే. ఉన్నట్టుండి నిమిషాలకి నిమిషాలు ముందుకి పరిగెడితే మాత్రం స్పీకరు పక్కన పెట్టావేమో చూసుకో. అయస్కాంతం పట్టి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ అయస్కాంతం వదిలించే డీమాగ్నెటైజరు ఉన్న షాపులో నిమిషం పని.

ప్రశ్న: బాబుగారూ, మా పెదనాన్న గల్ఫ్ నుంచి కొత్తది కొని తెచ్చి, 1985లో మా నాన్నగారి పెళ్లికి పెట్టిన సీకో 5 ఇది. వెనక 7009 అని మొదలయ్యే నంబరు, విడిగా 4ఎన్ అని మొదలయ్యే ఆరు గుర్తుల నంబరు ఉన్నాయి. డయలు మీద మచ్చలు వచ్చాయి. షాపులో రంగు వేసి కొత్తది చేస్తామంటున్నారు. కీ ఎంత తిప్పినా ఎక్కడం లేదు, పాడైందా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: పాడవలేదమ్మా. 7009 అనేది మిషను నంబరు. ఆ మిషనుకి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. చేతికి కట్టుకుంటే కదలికకే స్ప్రింగు ఎక్కుతుంది. ఆగిపోయి ఉంటే చేత్తో పట్టుకుని కాసేపు మెల్లగా ఊపండి. అప్పటికీ కదలకపోతే సర్వీసింగుకి ఇవ్వండి.

రెండో నంబరులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు, అక్టోబరుకి ఓ, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి. దశాబ్దం ఏదో ఆ నంబరు చెప్పదు. ఆ పని మీ ఇంటి పెళ్లి తేదీ చేసింది. మీ వాచీ 1984 నవంబరుది.

డయలు జోలికి వెళ్లొద్దు. మచ్చలు పెరగకుండా లోపల శుభ్రం చేయించి, తడి లోపలికి దిగకుండా వెనక మూత రబ్బరు రింగు మార్పించండి, అంతే. రంగు వేస్తే మీ పెదనాన్నగారు తెచ్చిన డయలు పోయినట్టే, తిరిగి రాదు. తేదీ మాత్రం రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య మార్చకండి. ఆ వేళలో తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

ప్రశ్న: వాచీ వెనక ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంది. మొత్తం స్టీలేనని అమ్మినాయన అన్నాడు. పక్కలు పచ్చబడుతున్నాయేం?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: బ్యాక్ అంటే వెనక మూత ఒక్కటే స్టీలు. చుట్టూ ఉన్నది ఇత్తడి మీద పూత. చెమటకి పూత పోతే పచ్చబడుతుంది. ఇది మోసం కాదు, జనతా లాంటి చవక వాచీలు చాలావరకు ఇంతే. కాకపోతే స్టీలు ధర ఇవ్వకండి. కట్టుకుని తీశాక పొడిబట్టతో తుడవండి. అద్దం ప్లాస్టిక్‌ది అయితే చిన్న గీతలు పళ్ల పేస్టుతో రుద్దినా పోతాయి.

ప్రశ్న: తాతగారి వాచీ అంకెలు ఒకప్పుడు చీకట్లో వెలిగేవట. ఇప్పుడు వెలగడం లేదు. రేడియం అంటే టెన్షన్‌గా ఉంది. వెలుగు పోయిందంటే రేడియం కూడా పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: లేదమ్మా. రేడియం సగం తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. రేడియం కిరణాలు తగిలి వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ అలిసిపోయింది, రేడియం అలాగే ఉంది. డయలు కింద స్విస్ అన్న మాటకి అటూ ఇటూ టీ అక్షరం ఉంటే అది రేడియంకి బదులు వాడిన ట్రిటియం, దాని సగం ఆయుష్షు 12 ఏళ్లే కాబట్టి అంత భయం లేదు. రేడియం అయితే వాచీ విప్పొద్దు, గోకొద్దు. ఆ పొడి ఊపిరిలోకి వెళ్లకూడదు. మూసి ఉన్నది మూసినట్టే డబ్బాలో పెట్టి, పడకకి దూరంగా ఉంచండి. రిపేరుకి ఇస్తే మెకానిక్‌కి ముందే చెప్పండి. చెప్పకుండా ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం.

ప్రశ్న: హైదరాబాద్ ఆల్విన్ వాచీ ఒకటి దొరికింది. దాచుకోదగ్గదేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మన ఊరివారే, షాపుకి తీసుకురండి, చూద్దాం. ఆల్విన్ వాచీల వెనక సీకో సహకారం ఉంది. మా బల్ల మీదకి హెచ్ఎంటీలు వచ్చినంతగా ఇవి రావు, కాబట్టి తెలుగువాడు సేకరణలో ఒకటి ఉంచుకోవాల్సిందే. మీది క్వార్ట్జ్ అయితే ఈలోగా లోపలి సెల్లు తీయించెయ్యండి, అది కారితే సర్క్యూట్ తినేస్తుంది.