లంచం అడిగినా మనోళ్ళు కంప్లైంట్ ఎందుకివ్వరు? మా నెల్లూరు సైడ్ నేను చూసింది

"పొలం పాస్‌బుక్ పనికి లంచం అడిగితే మా నాన్న కంప్లైంట్ వద్దంటున్నాడు, ఇది భయమా లేక మన కల్చరే ఇంతా" అని మీలో ఒకరు అడిగారు కదా. భయం ఉంది, కాదనను. కానీ నేను చూసినంతలో భయం కంటే మొహమాటం, ఉసురు ఈ రెండే ఎక్కువ పనిచేస్తాయి.

మాది పొదలకూరు దగ్గర పల్లె, నిమ్మతోటలు. మా బాబాయ్ వాళ్ళు అన్నదమ్ములు తోట పంచుకున్నాక సబ్ డివిజన్, అంటే ఎవరి వాటా వాళ్ళకి కొలిచి విడగొట్టడం, చేయించాల్సి వచ్చింది, మీసేవలో సర్వేకి డబ్బు కట్టి రసీదు తీసుకున్నా సర్వేయర్ ఈ వారం వస్తా వచ్చే వారం వస్తా అని తిప్పి తిప్పి ఆఖరికి ఇరవై ఐదు వేలన్నాడు. బాబాయ్‌కి మండింది, ఏసీబీకి (లంచగొండుల్ని పట్టుకునే అవినీతి నిరోధక శాఖ) ఫోన్ చేస్తా అని ఇంట్లో గట్టిగానే అన్నాడు. మా అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తా ఉంది, తలెత్తకుండానే "ఆ పిల్లోడికి ఇద్దరు ఆడబిడ్డలంటరా, ఉద్యోగం పోతే ఆ ఉసురు ఎవురికి తగలాల" అనింది. నిన్నటిదాకా దొంగ నాయాలు, ఒక్క పూటలో ఆ పిల్లోడు అయిపోయాడు! లంచం పాపమే అని అందరూ ఒప్పుకుంటారు, కానీ ఒకడి పొట్ట కొట్టడం అంతకంటే పెద్ద పాపం మావాళ్ళ లెక్కలో. నెలల తరబడి తిప్పితే మా బాబాయ్ పొట్ట సంగతేంది అని మాత్రం ఎవరూ అడగరు.

సాయంత్రానికి ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన వచ్చాడు, సర్వేయర్ బామ్మర్ది ఆయనకి తెలుసంట. "కేసులూ గీసులూ ఎందుకబ్బయా, నేనొక మాట చెప్తాలే" అని అక్కడే ఫోన్ చేసి పదిహేనుకి తెగ్గొట్టాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది, కాఫీలు కూడా ఇచ్చారు. ఇక్కడే ఉంది అసలు సంగతి. ఇప్పుడు ఆయన మాకు ఉపకారం చేసినట్టు లెక్క, ఇంక కంప్లైంట్ ఇస్తే అది సర్వేయర్ మీద ఇచ్చినట్టు కాదు ఈయన మాట తీసేసినట్టు, రేపు బోరు నీళ్ళ కాడ గొడవొచ్చినా గట్టు తగాదా వచ్చినా మళ్ళీ ఈయన దగ్గరికే కదా పోవాల్సింది. బాబాయ్ డబ్బిచ్చాడు, వారంలో వచ్చి కొలిచి పోయారు.

ఒంగోలు సైడ్ మా ఫ్రెండ్ మేనమామ మాత్రం కంప్లైంట్ ఇచ్చాడు. చిన్న కాంట్రాక్టర్, సీసీ రోడ్డు బిల్లు లంచం కోసం ఆఫీసర్ ఆపేశాడు. ఏసీబీ వాళ్ళు నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాఫ్తలీన్ పౌడర్ పూసి వాళ్ళే ఈయన జేబులో పెట్టి, ఆఫీసర్ అడిగితేనే ఇవ్వు, షేక్‌హ్యాండ్ గట్రా ఇవ్వొద్దు అని చెప్పి పంపారంట. ఆ నోట్లు ముట్టుకున్న వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే గులాబీ రంగొస్తది, పేపర్లో ఫోటోలు చూసే ఉంటారు. ఆఫీసర్ దొరికాడు, ఈయన పెట్టిన డబ్బు ఏసీబీ నుంచి తిరిగొచ్చింది, బిల్లు కూడా వచ్చింది. కానీ ఊళ్ళో ఆయన టీ బంకు దగ్గరికి వస్తే చాలు "రేయ్ ఫోన్లు లోపల పెట్టండ్రా, రికార్డింగ్ అవతాది" అని నవ్వులు. కూతురికి సంబంధం చూసేటప్పుడు కూడా అవతలోళ్ళు "కేసులు పెట్టే ఇల్లు" అన్నారంట. సస్పెండైన ఆఫీసర్ ఏదో పెళ్ళికొస్తే ముందు వరసలో కుర్చీ వేశారు, నాకు ఒళ్ళు మండేది ఇదే.

అట్టాగని మనోళ్ళు పిరికోళ్ళంటే నేనొప్పుకోను. మా నెల్లూరు జిల్లాలోనే కలిగిరి దగ్గర దూబగుంట, ఆడ ఆడోళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం 1992లో ఊరూరా పాకింది, సారా వేలం పాటలు జరగనీలేదు, రాత్రి పూట అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న కాడ ఎత్తిన మాట 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. సారా కాంట్రాక్టర్ ముందు సర్వేయర్ ఎంత? కాకపోతే అందరూ కలిసి పోతే అది ఊరి మాట, ఒక్కడు పోతే చాడీ. ఉసురు తగులుతుందన్న మా అవ్వే అప్పట్లో సారా ప్యాకెట్ల బండికి అడ్డం పడుకున్న మనిషి. మరి ఆ కాంట్రాక్టర్‌కి బిడ్డల్లేరా అవ్వా అంటే "అది వేరేలేరా" అంటాది.

ఇంకోటి, 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇచ్చినోడిది కూడా నేరమే. బలవంతంగా ఇవ్వాల్సొచ్చింది అంటే ఏడు రోజుల్లో చెప్పాలి, మా ఇళ్ళల్లో చెప్దామా వద్దా అనే పంచాయితీకే ఆ ఏడు రోజులు చాలవు. ముందే ఏసీబీకి చెప్పి వాళ్ళు చెప్పినట్టు ఇస్తే మీకు ఇబ్బంది లేదు. ఫిర్యాదు చేసినోళ్ళని కాపాడటానికి 2014లో ఒక చట్టం చేశారు గానీ దాన్ని అమల్లో పెట్టనే లేదు.

మీ నాన్నతో వాదన పెట్టుకోబాకండి. అదే మనిషి మీ ఊళ్ళో ఇంకెవర్ని అడిగాడో కనుక్కోండి, అడిగే ఉంటాడు. నలుగురు దొరికితే అందరి సంతకాలతో సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, కాదంటే ఏసీబీ నంబర్ 1064. అప్పటిదాకా తెలిసినోళ్ళ చేత ఫోన్లు చేయించడం లాంటివి మాత్రం వద్దు, మధ్యలోకి ఒక పెద్దమనిషి వచ్చి రేటు తగ్గించాడా, ఇంక మీ నాన్న చేత సంతకం పెట్టించడం మీ వల్ల కాదు.