రాలిపోయిన స్టాపు బిళ్లలు

ప్రశ్న: మా చర్చిలో తాతల నాటి పెడల్ ఆర్గాన్ ఉంది. తిత్తులు బాగు చేయించాక చక్కగా పలుకుతోంది గానీ, 11 స్టాపుల్లో (ధ్వని తీరు మార్చడానికి లాగే పిడుల్లో) నాలుగింటికి పేర్ల బిళ్లలు రాలిపోయాయి. కొత్తవి ఎలా చేయించాలి, వాటిపై ఏ పేర్లు రాయించాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, బిళ్ల చేయించడం ఒక పూట పని, దాని మీద ఏం రాయాలో తేల్చుకోవడమే అసలు పని కనుక, మరో ఆర్గాన్ ఫొటో చూసి పేర్లు ఎత్తి రాయించవద్దని ముందుగా మనవి. మిగిలిన స్టాపులన్నీ మూసి, బిళ్ల లేనిదాన్ని ఒక్కదాన్నే లాగి, పెడల్ తొక్కుతూ మెట్లు నొక్కి చూడండి. ఇలాంటి ఆర్గాన్లలో చాలా స్టాపులు మెట్ల వరుసలో ఎడమ సగానికో కుడి సగానికో మాత్రమే పనిచేస్తాయి. వినిపించిన స్వరాన్ని, బిళ్లపై 8 అంకె ఉన్న స్టాపుతో పోల్చితే, అదే శ్రుతి అయితే 8, ఒక స్థాయి పైనుంటే 4, కిందుంటే 16 అని తేలుతుంది. ఎడమ సగంలో డయాపేసన్ అనే స్టాపు ఉండి, కుడివైపు దాని జోడీకి పేరు పోతే అది మెలోడియా కావచ్చు. డయాపేసన్ రీడ్లే (గాలికి కంపించి పలికే లోహపు నాలుకలే) మెత్తగా పలికితే డల్సియానా కావచ్చు.

ఏ స్వరమూ రాకపోతే పాడైందనుకోకండి. మరో స్టాపుతో కలిపి లాగినప్పుడు ధ్వని పెరిగితే ఫోర్టే, పై స్థాయి స్వరమో కింది స్థాయి స్వరమో తోడైతే కప్లర్. వాక్స్ హ్యుమానా అనే స్టాపులో గాలికి తిరిగే రెక్క స్వరాన్ని వణికిస్తుంది. అది దుమ్ముతో బిగుసుకుపోయి ఉంటే చెవికి తేడా తెలియదు కనుక, వెనక పలక తీసి స్టాపు కడ్డీ ఎక్కడికి వెళ్తోందో కంటితో చూడడమే నమ్మదగిన మార్గం.

తర్వాత, ఉన్న బిళ్లల వ్యాసం కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఎదురుగా ఫొటో తీసి, అక్షరాల తీరు వాటి నుంచే తీసుకోండి. మొదటి అక్షరం ఎరుపైతే ఎరుపే ఉంచండి. పాత బిళ్లలు సెల్యులాయిడ్‌వైతే ఇట్టే అంటుకుంటాయి, వేడి తగలనివ్వవద్దు. నేమ్‌ప్లేట్లు, షీల్డులు చేసే దుకాణంలో మీగడ రంగు ఆక్రిలిక్ షీటుపై లేజర్‌తో చెక్కించి, గాడిలో ఎనామిల్ నింపి తుడిపించండి. పీవీసీ షీటు మాత్రం వద్దు, లేజర్ తగిలితే విషవాయువు వస్తుంది. బిళ్ల వెనక ఈ సంవత్సరం చెక్కిస్తే, అది కొత్తదని తర్వాతి తరానికి తెలుస్తుంది. సూపర్ గ్లూ వాడితే పేరు తప్పని తేలినా బిళ్ల ఊడిరాదు కనుక, క్రిస్మస్ పాటల సాధన అయ్యేదాకా డబుల్ సైడ్ టేపుతోనే ఉంచి, వాయించేవారు సరేనన్నాకే బంక పెట్టండి.