ఆ పిల్లాడి చేత అనువాదం చేయించకు

అమ్మాయీ,

ఆశీస్సులు. వినికిడి లేని దంపతులు ఎనిమిదేళ్ల కొడుకుని నీ దగ్గరికి కౌన్సెలింగ్‌కి తీసుకొస్తున్నారని, వాడు చెప్పిన మాట వినడం లేదని రాశావు. వాడికి చక్కగా వినపడుతుంది, సైగలూ వచ్చు కాబట్టి సైగల్ని మాటల్లోకి, మాటల్ని సైగల్లోకి మార్చే ఇంటర్‌ప్రెటర్ వేరే ఎందుకని, వాడి చేతే చెప్పిస్తే పోలేదా అని అడిగావు. ఆ పని మాత్రం చేయకు.

తన అల్లరి సంగతి వాడే నీకు చెప్పాలంటే సగం మింగేస్తాడు. మింగకపోయినా నష్టమే. బ్యాంకులో, ఆస్పత్రిలో, స్కూల్ మీటింగులో పెద్దవాళ్ల మాటలు మోస్తున్నది ఇప్పటికే వాడు. ఇంట్లో పెద్ద ఎవరన్నది అక్కడే తారుమారవుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇంటర్‌ప్రెటర్ కోసం అక్కడ వాకబు చెయ్యి. వచ్చిన ఇంటర్‌ప్రెటర్‌ని నీ పక్కనే కూర్చోబెట్టు. వెనక కిటికీ ఉంటే కర్టెన్ వేయించు, మొహాలు నీడలో పడితే సైగలు అందవు. మాట్లాడేటప్పుడు నువ్వు చూడాల్సింది తల్లిదండ్రుల వైపే.

పిల్లలతో ఎలా నడుచుకోవాలో తల్లిదండ్రులకి నేర్పే పేరెంట్ ట్రైనింగ్, మనం చదువుకున్నది, చాలావరకు చెవుల మీదే నడుస్తుంది. అమెరికాలో షీలా ఐబర్గ్ 1970లలో రూపొందించిన పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీలో థెరపిస్ట్ అద్దం అవతల నుంచి తల్లి చెవిలోని ఇయర్‌ఫోన్‌కి సలహాలు చెబుతూ ఉంటారు. ఇక్కడ అది కుదరదు. తల్లీకొడుకుల ఆటని ఐదు నిమిషాలు వీడియో తీసి, తర్వాత ఆపి ఆపి చూపించు.

ఇలాంటి పిల్లలు కోపమొస్తే కళ్లు గట్టిగా మూసుకుంటారు. అంతటితో అమ్మ నోరు మూయించినట్టే. గడ్డం పట్టుకుని తిప్పొద్దని ఆమెకి చెప్పు. వాడి ఎత్తుకి వంగి, భుజం తట్టి, ఆగాలి. చూసేదాకా ఫోన్ ఇవ్వకూడదు. చూసిన వెంటనే 'పిలవగానే చూశావు, భలే' అని సైగ చేయాలి, ఆ తర్వాత ఒకే ఒక్క పని చెప్పాలి. చిన్న పేచీలు పట్టించుకోవద్దని మనం మామూలుగా చెబుతాం కదా, అక్కడ జాగ్రత్త. ఆ ఇంట్లో చూపు తిప్పుకోవడమంటే మాటలు మానేయడం. కాసేపే తిప్పుకోవాలి, వాడు సర్దుకోగానే మళ్లీ చూడాలి.

నానమ్మో అమ్మమ్మో ఉంటే తప్పకుండా పిలిపించు. 'మీ అమ్మకి వినపడదు, నాకు చెప్పరా' అనే మాట ఆవిడ మానకపోతే మన శ్రమంతా వృథా. అలాగని ప్రతి గొడవనీ వాళ్ల చెవిటితనానికి అంటగట్టకు. ఫోన్ వదలని ఎనిమిదేళ్ల వాడు ఏ ఇంట్లో లేడు?

మొదటిరోజే అమ్మానాన్నల ఎదుట వాడితో చెప్పు: ఇక్కడ నువ్వు ఎవరి మాటా ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆడుకో.

మీ మేడమ్