చుక్క ఎక్కడ పుడుతుందో ముందు చూడండి

బండి సందేహాలు: విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఆరేళ్లు షెడ్డు నడిపిన మెకానిక్ జవాబులు

ప్రశ్న: మా నాన్నగారిది 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి. ఆయన పోయాక రెండేళ్లు కదలకుండా ఉండిపోయింది. ఈమధ్యే కొత్త బ్యాటరీ వేసి బయటికి తీశాను. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట చేరేలోపే టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లిపోతోంది. ఆపిన చోట ముందువైపు నీళ్లు కారుతున్నాయి. ఫ్యాన్ దగ్గర గరగరమని చప్పుడు కూడా వస్తోంది. వాటర్ పంపు పోయిందని మా ఊరి మెకానిక్ అన్నాడు. నేను స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పానా పట్టడం వచ్చు. నాన్నగారి బండిని నా చేతులతోనే బాగుచేసుకోవాలని ఉంది. ఇంట్లో చేసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, నరసరావుపేట)

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు మాస్టారూ. ఇంటి దగ్గర వాటర్ పంపు మార్చుకోవడానికి అంబాసిడర్ కంటే అనువైన బండి నేను చూడలేదు. మీది 1489 సీసీ ఇంజను, ఇంగ్లండ్‌లోని బీఎంసీ అనే కార్ల కంపెనీ వాళ్ల బి సిరీస్ రకం. పంపు ఇంజను ముందు భాగంలో, ఫ్యాన్ వెనకాలే, కంటికి కనబడేలా ఉంటుంది. దాన్ని బ్లాకుకి, అంటే ఇంజను ప్రధాన దిమ్మకి, పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ చెయిను వేరే మూత లోపల ఉంటుంది, దాని జోలికి మనం పోనక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి తేలే పని.

అయితే పానా పట్టే ముందు ఒక పూట చూడటానికే పెట్టుకోండి. నీళ్లు కారితే పంపే అనుకుని విప్పేసి, కొత్తది బిగించి, మళ్లీ అదే కారుడుతో నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, పంపు చుట్టుపక్కలంతా పొడిగుడ్డతో తుడవండి. స్కూల్లో సుద్దముక్కలకి కరువుండదు కదా, ఒకటి తెచ్చి పంపు కింది భాగాన, హోస్ పైపు క్లిప్పుల దగ్గర, రేడియేటర్ కింది అంచున బాగా రుద్దండి. కింద పాత పేపరు పరవండి. ఇంజను పది నిమిషాలు తిప్పి ఆపేసి, టార్చి వేసి చూస్తూ కూర్చోండి. తడిసిన చోట సుద్ద రంగు మారిపోతుంది.

పంపు మెడ కింద చిన్న కన్నం ఉంటుంది. దాని అంచున చుక్క మెల్లగా ఊరి, బరువెక్కి, కాసేపు వేలాడి పడుతుంది. కాసేపటికి ఇంకొకటి. అక్కడే చుక్క పుడుతుంటే మీ మెకానిక్ మాట నిజమే. ఆ కన్నం కావాలని పెట్టింది. లోపలి సీలు అరిగినప్పుడు దాటివచ్చిన నీళ్లు బేరింగులోకి చేరకుండా బయటికి పోవడానికి అది దారి. కారుడు ఆపుదామని దాన్ని ఎంసీల్‌తో మూసేసిన బండ్లు కూడా నా షెడ్డుకి వచ్చాయి. అలా చేస్తే నీళ్లు బేరింగులోకే పోతాయి, నెల తిరక్కుండానే బేరింగు ముక్కలవుతుంది.

ఇంజను ఆపి ఉన్నప్పుడే ఫ్యాన్ రెక్కను పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. బాగున్న పంపులో ఆట ఉండదు. మీరు చెప్పే గరగర పంపు బేరింగుదే అయితే చేతికి టకటకమని తగులుతుంది. ఆట అసలు లేకపోతే తొందరపడకండి. బెల్టు తీసేసి ఫ్యాన్‌నీ, బ్యాటరీని చార్జి చేసే డైనమోనీ విడివిడిగా చేత్తో తిప్పి, చప్పుడు దేనిదో తేల్చుకోండి. ఇంకొకటి కూడా చూడండి. చల్లటి ఇంజను మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఆయిల్ పోసే మూత లోపల పాలమీగడలా తెల్లగా పేరుకుందా? అలా ఉంటే బ్లాకుకీ దాని పైనుండే హెడ్డుకీ మధ్య లీకు కాకుండా వేసే హెడ్ ప్యాకింగ్ సంగతి ముందు చూడాలి, పంపు మార్చినా ముల్లు దిగదు.

మీ బండి రెండేళ్లు కదల్లేదు కాబట్టి పంపు మీదే నాకూ అనుమానం. సీలుకి ఎప్పుడూ తడి ఉండాలి. నీళ్లు ఎండిపోయి తుప్పు పట్టిన చోట సీలు అతుక్కుపోతుంది, మొదటిసారి స్టార్ట్ చేయగానే చిరుగుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు బండి గురించి ఎవరికి గుర్తుంటుంది?

ఇక విప్పడం. ముందుగా, వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. చదరపు అంగుళానికి ఒక్కో పౌండు ఒత్తిడికి మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీ పైన పెరుగుతుందని మీ పిల్లలకి మీరే చెప్పి ఉంటారు. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారి మరిగి ఆవిరితో సహా మీదికి చిమ్ముతాయి. 1989 మే నెలలో నా కుడి ముంజేయి అలాగే కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే మొదలుపెట్టండి.

ముందురోజు సాయంత్రమే పంపు బోల్టుల మొదట్లో తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయండి. ఇది మాత్రం మరవకండి. పనిలో చేరిన కొత్తలో నేను ఆ నూనె పొయ్యకుండా బలంకొద్దీ తిప్పి ఒక బోల్టు తల తెంపేశాను. మిగిలిన ముక్కను డ్రిల్లు వేసి బయటికి తీయడానికి రోజంతా పట్టింది. నీటి దారి పక్కనుండే బోల్టులు లోపల తుప్పు పట్టి ఉంటాయి. కదలకపోతే కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ నూనె వేసి, ఓపిగ్గా తిప్పండి. అంబాసిడర్‌వి అంగుళాల లెక్క పానాలు. మిల్లీమీటర్ పానా దగ్గర సైజుదే కదా అని వేస్తే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది.

బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. నీళ్లు బకెట్లోకి దింపి ఎన్ని లీటర్లో రాసుకోండి. పైన, కింద హోస్ పైపులు వదిలించి రేడియేటర్ బయటికి తీసేయండి. అది తీయకుండా సందులోంచే చేద్దామని చూస్తే చేతులు గీసుకుపోవడమే కాదు, రేడియేటర్ రేకులూ నలుగుతాయి. తర్వాత ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్, పుల్లీ. డైనమోని పట్టే పై బోల్టుల్లో ఒకటి పంపు బాడీకే ఉంటుంది, కాబట్టి డైనమో కూడా వదిలించాల్సిందే. ఇక్కడ కొత్తవాళ్లు తికమక పడతారు: నాలుగు బోల్టులూ తీశాక కూడా పంపు రాదు, దాన్ని పట్టుకున్నది డైనమో అని తట్టదు. ఊడదీసిన ప్రతి బోల్టునీ ఒక అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, అది ఉన్న చోటే గుచ్చండి. పొడుగుల్లో తేడా ఉండొచ్చు. పొట్టిదాని చోట పొడుగు బోల్టు బిగిస్తే లోపల అడుగుకి తగిలి ఆగుతుంది, తల గట్టిగానే ఉంటుంది కానీ ప్యాకింగ్ మీద ఒత్తిడి పడదు.

పంపు ఊడాక బ్లాకు మీద పాత ప్యాకింగ్ అతుక్కుని ఉంటుంది. ఈ పని బాగుంటుందా, పాడవుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. నీళ్ల రంధ్రంలో గుడ్డ కుక్కండి, చెత్త లోపల పడకూడదు. పాత బ్లేడును దాదాపు పడుకోబెట్టి, పొర పొరగా గీకండి. నిలబెట్టి గీకితే ఇనుము మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోంచే రేపు నీళ్లు ఊరతాయి. కళ్లు మూసుకుని వేలు నిమరండి. కంటికి కనబడని పొర వేలికి తెలుస్తుంది. నా దగ్గర పనికి చేరిన ప్రతి పిల్లాడితోనూ ముందు ఇదే చేయించేవాణ్ని. గుడ్డ బయటికి తీయడం మరిచిపోకండి.

పాత పంపు పట్టుకునే దుకాణానికి వెళ్లండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మీకు దగ్గర్లో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల దుకాణాల్లో వెతకవచ్చు. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజను పంపు మీ బండికి పట్టదు, అందుకే 1489 పెట్రోల్ అని గట్టిగా చెప్పండి. రెండు పంపుల్నీ పక్కపక్కన బోర్లించి, బ్లాకుకి ఆనే ముఖం నుంచి ఫ్యాన్ బిగించే చోటు వరకు కొలత వేయండి. తేడా ఉంటే బెల్టు వంకరగా నడిచి, కొత్త బేరింగు కూడా తొందరగా పోతుంది. చేత్తో తిప్పితే మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి.

కొత్త ప్యాకింగ్‌కి రెండువైపులా షెల్లాక్ అనే జిగురు పల్చగా రాస్తే చాలు. ఎక్కువ పూస్తే మిగిలింది లోపలికి ఒత్తుకుని, ముద్దలు ఊడి రేడియేటర్ గొట్టాల్లో చేరుతుంది. బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి. బెల్టు పొడుగ్గా ఉన్న వైపు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. మంచిదని ఇంకా లాగి బిగిస్తారు చాలామంది. ఆ లాగుడంతా పంపు బేరింగు మీదే పడుతుంది.

నీళ్లు మెల్లగా పోయండి. మూత తీసే ఉంచి ఇంజను తిప్పండి. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్. అది తెరుచుకోగానే పై హోస్ వేడెక్కుతుంది, నీటిమట్టం ఒక్కసారి దిగుతుంది, అప్పుడు మళ్లీ పోయండి. దింపినప్పుడు ఎన్ని లీటర్లు రాసుకున్నారో, దాదాపు అన్ని పట్టాలి. బాగా తక్కువ పట్టిందంటే లోపల గాలి ఉండిపోయిందని అర్థం, పై హోస్ పిసుకుతూ ఉండండి. పనిలో పనిగా, ఇంజనులో నీళ్లు పోసే ముందే, థర్మోస్టాట్‌ని కూడా గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి పొయ్యి మీద కాచి చూడండి. నీళ్లు మరగడానికి చాలా ముందే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి. మన ఎండలకి అది అక్కర్లేదని పీకి పారేసేవాళ్ల మాట మాత్రం వినకండి. అది లేకపోతే పొద్దున చల్లటి ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి.

మొదటి వారం ఊళ్లోనే తిప్పండి. రోజూ పొద్దున ఆ కన్నం కింద వేలు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: మాది 2001 హోండా సిటీ, హైదరాబాద్‌లోనే తిరుగుతుంది. టైమింగ్ బెల్టు మార్చడానికి ఇస్తే, వాటర్ పంపు కూడా మార్చాలంటున్నారు. పంపు కారడం లేదు. ఆడవాళ్లం కదా అని ఎక్కువ బిల్లు వేస్తున్నారేమో అని టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడు ఇంట్లోనే చేస్తానంటున్నాడు.
(ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఈ విషయంలో వాళ్లు చెప్పింది సరైనదేనమ్మా. మీ బండిలో వాటర్ పంపును తిప్పేది ఆ టైమింగ్ బెల్టే. పంపు దగ్గరికి వెళ్లాలంటే ఆ బెల్టు తీయక తప్పదు. ఇప్పుడు బెల్టు ఒక్కటే మార్చి, ఏడాదికో రెండేళ్లకో పంపు కారిందనుకోండి, అంతా మళ్లీ మొదట్నుంచి విప్పాలి, కూలి రెండోసారి ఇవ్వాలి. పైగా కారిన నీళ్లు బెల్టు మీద పడి దాన్నీ పాడుచేస్తాయి. బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, పంపు మూడూ ఒకేసారి వేయించండి. పాత భాగాలు మీ చేతికివ్వమని ముందే చెప్పండి, కొత్తవాటి బిల్లు విడిగా అడగండి. అలా అడగడం మీ హక్కు, మంచి మెకానిక్ ఎవరూ నొచ్చుకోరు.

తమ్ముడికి మాత్రం వద్దని చెప్పండి. అంబాసిడర్ మాస్టారికి సరే అన్నాను, మీకు వద్దంటున్నాను, కారణం ఉంది. ఈ ఇంజన్లో బెల్టు గుర్తులు తప్పి ఎక్కిస్తే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోవచ్చు. క్రాంక్ పుల్లీ బోల్టు కూడా మామూలు పానాకి లొంగదు. తగిన సరంజామా లేకుండా గొట్టం తగిలించి లాగుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ని నేను చూశాను. అతని సరదా తీరాలంటే రేడియేటర్ హోస్ పైపులు, కూలెంట్ మార్చడం అప్పగించండి.

ప్రశ్న: రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయవచ్చా? కూలెంట్ అంత అవసరమా?
(ఒక పాఠకుడు, కనిగిరి)

జవాబు: బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది కదా, ఇంజను లోపలా అదే కడుతుంది. ఆ గార వేడిని నీళ్లలోకి పోనివ్వదు, పొడిగా రాలితే పంపు సీలును గీకేస్తుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. డబ్బా మీద ముందే కలిపి ఉందని రాసి ఉంటే మళ్లీ నీళ్లు కలపక్కర్లేదు. మరిగే వేడి పెరగడం ఒక లాభం, తుప్పు పట్టకపోవడం అంతకంటే పెద్ద లాభం. దారిలో నీళ్లు అయిపోతే దొరికిన నీళ్లే పోయండి, తప్పులేదు. కానీ ఇంజను చల్లారేదాకా ఆగండి. కాగి ఉన్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు. ఇంటికి చేరాక ఆ నీళ్లు దింపేసి కడిగి, మళ్లీ కూలెంట్ పోసుకోండి.

దింపిన పాత కూలెంట్‌ను వాకిట్లోనో కాలవలోనో పారబోయకండి. అందులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుంది. కుక్కలు ఇష్టంగా నాకి, మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. పిల్లలకీ అంతే ప్రమాదం. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పైన విషమని రాసి, దగ్గర్లోని సర్వీసు షెడ్డులో ఇచ్చేయండి.